తెలిస్తేనే తెరుచుకునే తలుపు

1980లలో అమెరికాలోని ఇన్ఫోకామ్ అనే కంపెనీ కంప్యూటర్ ఆటలతో పాటు, విడిగా ధర పెట్టి, ఇన్విజిక్లూస్ అనే చిన్న పుస్తకాలు కూడా అమ్మేది. వాటిలో ప్రశ్నలు మామూలు సిరాతో అచ్చయ్యేవి. జవాబులు ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీగా కనిపించేది. పుస్తకంతో వచ్చిన మార్కర్‌తో ఆ ఖాళీ మీద రుద్దితే జవాబు పైకి తేలేది. ఒక్కో ప్రశ్నకు జవాబులు అంచెలంచెలుగా ఉండేవి. మొదటిది దారి చూపి వదిలేస్తుంది, తర్వాతది ఇంకాస్త చెబుతుంది, చివరిది గుట్టంతా విప్పేస్తుంది. ఊరికే తొంగిచూసేవాళ్లను ఏమార్చడానికి ఆటలో లేనే లేని విషయాల మీద దొంగ ప్రశ్నలు కూడా కలిపేవాళ్లు. ఇంత జాగ్రత్త ఎందుకు? టెట్రిస్ బాగా ఆడటం ఎలాగో చెప్పే పుస్తకాన్ని ఎవరూ కనిపించని సిరాతో అచ్చు వేయరు. దాన్ని కంఠతా పట్టినా, ముక్కలు వేగంగా జారిపడుతున్నప్పుడు వేళ్లు మాట వినాలి, అందుకు వారాల తరబడి సాధన కావాలి. ఇన్ఫోకామ్ ఆటల సంగతి వేరు. అక్కడ జవాబు తెలిసిన మరుక్షణం అడ్డంకి తొలగిపోతుంది, దాంతో పాటు ఆటలో ఆ భాగమూ అయిపోతుంది. ఆ సిరా వెనుక ఉన్నది వ్యాపారమే అయినా, అడ్వెంచర్ గేమ్ అంటే ఏమిటన్న ప్రశ్నకు సరైన జవాబు అందులోనే ఉందని నా వాదన.

ఆ ప్రశ్న ఇప్పుడెందుకంటే, ఈ పేరును ఈమధ్య దేనికి పడితే దానికి తగిలిస్తున్నారు. స్టీమ్ లాంటి ఆన్‌లైన్ దుకాణంలో అడ్వెంచర్ అని వెతికి చూడండి. తుపాకీ ఆటలు, కత్తి యుద్ధాలు, పొలం దున్నే ఆటలు, బొమ్మల నవలలు అన్నీ ఒకే వరసలో వచ్చి పడతాయి. కథ ఉంటే చాలు అంటారు కొందరు. ఇవాళ కథ లేని పెద్ద ఆట ఎక్కడుంది? ఫిఫా ఫుట్‌బాల్ ఆటలో కూడా ఒక కుర్రాడి జీవితకథ పెట్టారు. కొత్త చోట్లు తిరగడమే అసలు లక్షణం అంటే మైన్‌క్రాఫ్ట్‌ను మించింది ఉండదు. పజిళ్లు ఉండాలి అంటే సుడోకు కూడా లోపలికి వచ్చేస్తుంది. టైపు చేసి ఆడేదా, మౌస్‌తో నొక్కి ఆడేదా అని చూసి గీత గీద్దామంటే, ఆ పద్ధతి పదేళ్లకోసారి మారుతూనే వచ్చింది. ఇవన్నీ అడ్వెంచర్ ఆటల్లో తరచు కనిపించేవే, కాదనను. కానీ అసలు చూడాల్సింది అడ్డంకి స్వభావాన్ని. ముందుకు సాగకుండా మనల్ని ఆపుతున్నది ఏమిటి? వేళ్ల వేగం చాలకపోతే అది యాక్షన్ గేమ్. మన పాత్ర బలం అంకెల్లో చాలకపోతే అది రోల్ ప్లేయింగ్ గేమ్. ఆ లోకం గురించి ఒక సంగతి మనకింకా తెలియకపోవడమే అడ్డమైతే అది అడ్వెంచర్ గేమ్. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరును ఏ కత్తీ ఏమీ చేయలేదు. ప్రాణం చిలుకలో ఉందని తెలిశాక బాలవర్ధిరాజుకు పెద్ద సైన్యంతో పని లేకపోయింది. అది అచ్చమైన అడ్వెంచర్ గేమ్ తలుపు.

ఈ జాతికి మూలపురుషుడైన ఆటను చూస్తే సంగతి స్పష్టమవుతుంది. విల్ క్రౌథర్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్‌లో, బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ సంస్థలో ప్రోగ్రామర్. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌ను కట్టిన బృందంలో ఒకరు. తీరిక దొరికితే ఆయనా, ఆయన భార్య ప్యాట్రీషియా కెంటకీలోని మామత్ గుహల్లో దిగి, కొలతలు తీసి, పటాలు గీసేవారు. 1975-76 ప్రాంతంలో, విడాకులయ్యాక, తన కూతుళ్లు ఆడుకోవడానికని ఆయన పీడీపీ-10 కంప్యూటర్ మీద ఫోర్ట్రాన్‌లో ఒక ఆట రాశారు. తెర మీద బొమ్మలుండవు. ఎక్కడున్నామో రెండు మూడు వాక్యాల్లో వర్ణన వస్తుంది, ఏం చేయాలో ఒకటి రెండు మాటల్లో మనం టైపు చేయాలి. 1977లో స్టాన్‌ఫోర్డ్‌లో ఉన్న డాన్ వుడ్స్ దాన్ని బాగా పెంచారు. అదే కొలోసల్ కేవ్ అడ్వెంచర్. ఆ మొదటి ప్రోగ్రాం పాత బ్యాకప్‌లో దొరికాక, 2007లో డెనిస్ జెర్జ్ అనే పరిశోధకుడు దాన్ని అసలు గుహతో పోల్చి, ఆటలోని గదులూ దారులూ నిజం గుహను ఎంత దగ్గరగా అనుసరించాయో చూపించారు. అంటే ఈ జాతి పుట్టిందే ఒక మనిషికి తెలిసిన చోటును ఇంకొకరికి తెలియజెప్పడంలో.

ఆ ఆటలో ఒక చోట పెద్ద హాలుంది, దారికి అడ్డంగా పచ్చటి పాము ఉంది. దాన్ని కొట్టబోతే లాభం లేదు. అంతకుముందు దాటివచ్చిన గదుల్లో ఒక పంజరం, నక్షత్రం గుర్తున్న ఒక నల్లటి కర్ర, ఇంకో గదిలో పాడే పిట్ట ఉన్నాయి. పంజరం చేతిలో ఉంటే పిట్టను పట్టుకోవచ్చనుకుంటాం. కానీ కర్ర కూడా చేతిలో ఉంటే పిట్ట బెదిరిపోతుంది. ఎందుకు బెదిరిందో ఆట చెప్పదు. మొదట గదిలోకి వచ్చినప్పుడు బెదరలేదని, దగ్గరికి వెళ్తే బెదిరిందని మాత్రం చెబుతుంది. కర్ర కింద పెట్టి మళ్లీ ప్రయత్నిస్తే పిట్ట పంజరంలోకి వస్తుంది. దాన్ని తీసుకెళ్లి పాము ముందు వదిలితే అంత పామునూ ఆ చిన్న పిట్టే తరిమేస్తుంది. ఇందులో చేతి నైపుణ్యం ఏమీ లేదు. 'బర్డ్' అని టైపు చేయడానికి పట్టే కాలం అందరికీ ఒకటే. ఒకరికి పది నిమిషాలు, ఇంకొకరికి పది రోజులు పట్టడానికి కారణం అంతా తెరకు ఇవతలే ఉంది.

క్రౌథర్‌కు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే అలవాటుంది. 1974లో వచ్చిన ఆ ఆటను స్నేహితులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. ఒకరు నిర్వాహకుడిగా ఉండి లోకాన్ని వర్ణిస్తారు, మిగిలినవాళ్లు ఏం చేస్తారో చెబుతారు, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. కంప్యూటర్ ఆటల్లో రెండు పెద్ద శాఖలు ఆ బల్ల దగ్గరే చీలాయి. 1980 నాటి రోగ్ లాంటివి పాచికలను తీసుకున్నాయి. క్రౌథర్ ఆట నిర్వాహకుడి నోటిని తీసుకుంది. ఎంఐటీలో నలుగురు కలిసి రాసిన జోర్క్ ఆ నోటికి ఇంకా మంచి చెవులు ఇచ్చింది. రెండు మాటలకు బదులు పూర్తి వాక్యం అర్థం చేసుకునేది. ఆ బృందంలో కొందరు ఇతరులతో కలిసి 1979లో ఇన్ఫోకామ్ పెట్టారు.

తెలియడానికీ చేతనవడానికీ మధ్య ఉన్న ఈ తేడా ఆటల వాళ్లు కనిపెట్టింది కాదు, మన మెదడులోనే ఉంది. 1949లో బ్రిటిష్ తత్త్వవేత్త గిల్బర్ట్ రైల్ ఒక సంగతి తెలిసి ఉండటం వేరు, ఒక పని చేయడం తెలిసి ఉండటం వేరు అని వాదించారు. అది మాటల తేడా మాత్రమే కాదని తేల్చింది హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ రోగి కథ. మూర్ఛ తగ్గించడానికని 1953లో ఆయన మెదడులో రెండు వైపులా ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగంలో చాలా మేరకు తీసేశారు. ఆ తర్వాత కొత్త సంగతి ఏదీ ఆయనకు గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనకు ఒక పని అప్పజెప్పారు. చేతిని నేరుగా చూడకుండా, అద్దంలో మాత్రమే చూస్తూ, నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిలు నడపాలి. మూడు రోజుల్లో ఆయన తప్పులు బాగా తగ్గిపోయాయి. కానీ ప్రతిరోజూ ఆ పని ఆయనకు కొత్తే, ముందు రోజు చేసిన జ్ఞాపకమే లేదు. చెయ్యి నేర్చుకుంది, మనిషికి మాత్రం తెలియదు. నైపుణ్యం దాచుకునే ఏర్పాటు ఒకటి, సంగతులు దాచుకునే ఏర్పాటు ఇంకొకటి అని అప్పుడు తేలింది. ఈ లెక్కన, సాధనతో వచ్చే యాక్షన్ ఆట ఏదైనా ఆయన చేతులు కొంత నేర్చుకుని ఉండేవని ఊహించవచ్చు. పాము సంగతి మాత్రం రోజూ మొదటి నుంచే. నేను చెబుతున్న విభజన ఏ దుకాణదారో అరల సౌకర్యం కోసం పెట్టుకున్నది కాదనడానికి నాకు దొరికిన గట్టి ఆధారం ఇదే.

తెలియడంలో కూడా ఒక ప్రత్యేకమైన రకం ఈ ఆటలకు ఇష్టం. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ డంకర్ చేసిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. కొవ్వొత్తి, అగ్గిపెట్టె, పిన్నులున్న డబ్బా ఇచ్చి, కొవ్వొత్తిని గోడకు నిలబెట్టమంటారు. డబ్బా ఖాళీ చేసి, దాన్నే గోడకు గుచ్చి, పైన కొవ్వొత్తి పెట్టడం పరిష్కారం. పిన్నులను డబ్బాలో వేసి ఇస్తే చాలామందికి అది తట్టదు, విడిగా ఇస్తే తేలిగ్గా తడుతుంది. డబ్బా అంటే పిన్నులు పెట్టుకునేదన్న అలవాటు కళ్లకు అడ్డుపడుతుంది. ఆ అడ్డు తొలగి, పాత వస్తువు కొత్తగా కనబడటమే ఈ ఆటలకు ఇష్టమైన తెలివి. 1990లో వచ్చిన ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్‌లో మధ్యలో కప్పీ బిగించిన రబ్బరు కోడి ఒకటి ఉంటుంది. అందరూ నవ్వుకుని జేబులో వేసుకునే వస్తువు. చాలా సేపటి తర్వాత, రెండు తీరాల మధ్య కట్టిన తీగ దగ్గర నిలబడినప్పుడు, అందులో ఉన్నది కోడి కాదు కప్పీ అని వెలుగుతుంది. అదే ఆటలో కత్తి యుద్ధాలూ ఉన్నాయి, కానీ గెలిచేది కత్తితో కాదు. ఎదుటివాడు తిట్టే తిట్టుకు సరైన ఎదురు జవాబు ఇచ్చినవాడిదే గెలుపు. దారిలో తగిలిన దొంగలతో పోరాడి తిట్లూ జవాబులూ పోగుచేసుకుంటాం. చివర్లో కత్తి విద్యలో మేటి అయిన కార్లా పూర్తిగా కొత్త తిట్లు తిడుతుంది. పాత జవాబుల్లోనే ఏది అతుకుతుందో అర్థాన్ని బట్టి తేల్చుకోవాలి. బట్టీ పట్టినవాడు అక్కడ బోర్లా పడతాడు. యాక్షన్ ఆటలో ప్రధాన దృశ్యాన్ని తీసుకుని, దాన్ని తెలివి మీద నడిచేలా మార్చిన ఇంత చక్కటి ఉదాహరణ ఇంకొకటి నాకు తెలియదు.

నా నిర్వచనాన్ని పరీక్షించడానికి తేలికైన దారి ఉంది. రెండోసారి ఆడితే ఏమవుతుందో చూడాలి. 1993లో రాండ్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు తీసుకొచ్చిన మిస్ట్ 60 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. 2002లో ద సిమ్స్ దాటేదాకా పర్సనల్ కంప్యూటర్ ఆటల్లో అదే అగ్రస్థానం. మొదటిసారి ఆడేవాళ్లకు వారాలు పట్టే ఆ ఆటను, దీవిలో ఒక దాచిన పేజీ ఎక్కడుందో, పొయ్యి గోడ మీద ఏ గుర్తు వేయాలో తెలిసినవాళ్లు కొన్ని నిమిషాల్లో ముగించేయవచ్చు. ఆ తలుపు మొదటి నిమిషం నుంచీ తెరవగలిగేదే. 2019 నాటి అవుటర్ వైల్డ్స్ ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. అందులో 22 నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోయి కాలం మళ్లీ మొదటికి వస్తుంది. కొత్త ఆయుధం రాదు, బలం పెరగదు, చేతిలో ఏదీ మిగలదు. మిగిలేది మనకు తెలిసినది మాత్రమే. అంతా తెలిసినవాళ్లు ఒక్క విడతలోనే ముగింపు చూడగలరు.

ఇక్కడ ఇంజనీర్లకు ఒక చిక్కు వస్తుంది. ఆడేవాళ్ల వేగాన్ని యంత్రం కొలవగలదు. వాళ్లకు తెలిసిందా, గుడ్డిగా కొట్టారా అన్నది ఎలా పట్టుకోవాలి? మన పరీక్షల్లో వ్యాసరూప ప్రశ్నకూ బిట్ పేపరుకూ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. టైపు చేసే ఆటలు వ్యాసరూప ప్రశ్నలు. జోర్క్‌కు 600కు పైగా మాటలు తెలుసు, కానీ వాటి జాబితా తెర మీద ఉండదు. ఆలోచన మనకే పుట్టాలి. దీనికీ ఒక జబ్బుంది. జవాబు తెలిసినా, ఆటకు అర్థమయ్యే క్రియాపదం దొరక్క తల బాదుకోవాల్సి వచ్చేది. 1987లో రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ మేనియాక్ మాన్షన్‌లో క్రియాపదాలను తెర మీదే రాసిపెట్టి, వాటిని ఎంచి నొక్కమన్నారు. ఆ బాధ పోయింది, పరీక్ష బిట్ పేపరైంది. తొమ్మిది క్రియాపదాలు, తెర మీద పదిహేను వస్తువులు, జేబులో పది ఉన్నాయనుకుందాం. ఒక్కో క్రియాపదాన్ని ఒక్కో వస్తువు మీద ప్రయోగిస్తే 135 ప్రయత్నాలు, జేబులోవి ఒక్కొక్కటీ తెర మీది వాటితో కలిపి చూస్తే 150. మొత్తం 285. బుర్ర పెట్టకుండా ఒక సాయంత్రంలో అన్నీ నొక్కేయవచ్చు. దీనికి విరుగుడు 2018లో లూకస్ పోప్ చేసిన రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్‌లో కనిపిస్తుంది. 1807లో మనిషన్నవాడు లేకుండా తీరం చేరిన ఈస్టిండియా కంపెనీ ఓడ అది. అందులో ఎక్కిన 60 మందిలో ఎవరు ఎవరో, ఎవరికి ఏమైందో బీమా అధికారిగా మనం రాయాలి. ఇండియాకు చెందిన నావికులు కూడా వాళ్లలో ఉన్నారు. యాసను బట్టి, వేషాన్ని బట్టి, పడుకునే ఊయల మంచం నంబరును బట్టి గుర్తుపట్టాలి. ముగ్గురివి పూర్తిగా సరిపోయినప్పుడే ఆట ఒప్పుకుంటుంది. ఆరంభంలో ముగ్గురికి పేర్లు పెట్టే తీరులే 2,05,320. చావుకు కారణం, చంపినవాడు అన్నవి ఇంకా కలపలేదు. కొట్టి చూద్దాం అనుకునేవాళ్లు ఆ అంకె ముందు ఆగిపోవాల్సిందే.

తెలియడమే తాళంచెవి అయినప్పుడు, ఆ చెవి ఆ లోకంలోనే ఎక్కడో దొరకాలి. ఈ జాతి దెబ్బతిన్నది ఈ ధర్మాన్ని మరిచినచోటే. 1990లో వచ్చిన కింగ్స్ క్వెస్ట్ 5లో కొండ ఎక్కుతుంటే ఆకలేస్తుంది, సంచిలో కస్టర్డ్ నింపిన పై అనే తీపి వంటకం ఉంటుంది. తినేస్తే ఆకలి తీరుతుంది, ఆట మాత్రం అక్కడే పాడైపోతుంది. తర్వాత ఎదురయ్యే మంచు రాక్షసుడి ముఖాన కొట్టాల్సింది ఆ వంటకంతోనే. ఆ సంగతి ముందుగా తెలిసే మార్గం ఏదీ లేదు, చచ్చి తెలుసుకోవాలి. ఇలాంటి పద్ధతి తప్పని రాన్ గిల్బర్ట్ 1989లోనే వ్యాసం రాశారు. ఇంకా దారుణం 1999 నాటి గాబ్రియెల్ నైట్ 3. మోటార్ సైకిల్ అద్దెకు తీసుకోవడానికి ఒక స్నేహితుడిలా వేషం వేయాలి. అందుకు పిల్లి వెంట్రుకలను టేపుతో సంపాదించి, వాటిని తియ్యటి సిరప్‌తో మూతికి మీసంగా అంటించుకోవాలి. ఆ స్నేహితుడికి మీసమే లేదు, కాబట్టి అతని పాస్‌పోర్ట్ ఫొటో మీద మార్కర్‌తో మీసం గీయాలి! ఇక్కడ తెలుసుకోవాల్సింది లోకం గురించి కాదు, రాసినవాడి బుర్రలో ఏముందో. 2000లో ఎరిక్ వోల్పా అనే ఆటల విమర్శకుడు ఈ పజిల్‌ను అడుగడుగునా విప్పి చూపి, అడ్వెంచర్ ఆటలను ఎవరూ చంపలేదు, అవే ఆత్మహత్య చేసుకున్నాయని తేల్చారు. మాట ఘాటుగా ఉన్నా సగం నిజమే. మిగతా సగం, త్రీడీ యాక్షన్ ఆటల ఊపుకు మార్కెట్ అటు తిరిగిపోవడం. ఆదరణ మాత్రం ఎక్కడికీ పోలేదు. 2012లో టిమ్ షేఫర్ అనే ఆటల రూపకర్త కంపెనీ కొత్త అడ్వెంచర్ ఆటకు కిక్‌స్టార్టర్‌లో 4 లక్షల డాలర్లు అడిగితే జనం 33 లక్షలకు పైగా ఇచ్చారు.

నా నిర్వచనం మీద అభ్యంతరాలు లేకపోలేదు. మూలపురుషుడైన కొలోసల్ కేవ్‌లోనే కత్తులు విసిరే మరుగుజ్జులు ఉన్నారు, వాళ్ల నుంచి బతకడం అదృష్టమే కదా అంటారు. ఒప్పుకుంటాను. బల్ల ఆట నుంచి అంటుకొచ్చిన పాచిక అది. కానీ ఆ ఆటలోనే తివాచీ మీద పడుకున్న డ్రాగన్‌ను చూడండి. చంపమంటే, ఖాళీ చేతులతోనేనా అని ఆట వెటకారంగా అడుగుతుంది. ఊరికే చేసిన ఎగతాళి అనుకోకుండా అవునని టైపు చేస్తే డ్రాగన్ చచ్చిపోతుంది. జనం ఇప్పటికీ చెప్పుకునేది ఆ డ్రాగన్ గురించే, మరుగుజ్జుల గురించి కాదు. మరి జెల్డా, టూంబ్ రైడర్ లాంటి యాక్షన్ అడ్వెంచర్లు? వాటిలో రెండు రకాల తలుపులూ ఉన్నాయి. ఏది ముఖ్యమో తూచి చూడాలి. 2017 నాటి జెల్డా, బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో ఆరంభ భాగం దాటగానే నేరుగా చివరి శత్రువు దగ్గరికి వెళ్లిపోవచ్చు. దారి అందరికీ తెలిసిందే, కోట దూరం నుంచే కనిపిస్తుంది. ఆపేది మన చేతివాటమూ పాత్ర ఒంట్లోని బలమూ మాత్రమే. ఎంత తిరిగినా, ఎన్ని చిక్కుముళ్లు విప్పినా, అది ప్రధానంగా యాక్షన్ ఆటే.

పజిల్ ఆటలతో గీత ఇంకాస్త సన్నంగా ఉంటుంది. అక్కడా వేళ్లకు పని లేదు, బుర్రకే పని. తేడా సమాచారం ఎక్కడుందన్న దానిలో ఉంది. పెట్టెలు నెట్టే సోకోబన్‌లో నియమాలూ పెట్టెలూ గోడలూ అన్నీ మొదటి నుంచీ కళ్ల ముందే ఉంటాయి. కదలకుండా కూర్చుని ఆలోచించినా పరిష్కారం దొరుకుతుంది. పాము ముందు ఎంతసేపు కూర్చుని ఆలోచించినా పిట్ట సంగతి తట్టదు. వెనక్కి వెళ్లి చూడాలి, అడగాలి, పోగుచేయాలి, ఎక్కడో చదివిన ముక్కను ఇక్కడి ముక్కతో కలపాలి. పోర్టల్ అందుకే పజిల్ గేమ్, దానికి గొప్ప కథ ఉన్నా సరే.

చివరి అభ్యంతరం కాస్త బలమైనది. డియర్ ఎస్తర్‌లో నడవడం తప్ప ఏమీ లేదు, టెల్‌టేల్ వారి వాకింగ్ డెడ్‌లో పజిళ్లు నామమాత్రం, జపాన్ వాళ్లు మొదటి నుంచీ బొమ్మల నవలలను కూడా అడ్వెంచర్ అనే పిలుస్తున్నారు, వీటన్నిటినీ గెంటేస్తారా అని. వంశం వేరు, జాతి లక్షణం వేరు. యూజీ హోరీ 1983లో చేసిన పోర్టోపియా హత్యకేసు ఆట నుంచి దిగిన జపాన్ శాఖలో, సాక్షి మాటల్లో అబద్ధాన్ని సరైన ఆధారంతో పట్టుకోవాల్సిన ఏస్ అటార్నీ నిస్సందేహంగా అడ్వెంచరే. ఏదీ ఆపకుండా పేజీలు తిప్పించే నవల, అదెంత మంచిదైనా, అడ్వెంచర్ కాదు. డియర్ ఎస్తర్‌లో తలుపే లేదు. వాకింగ్ డెడ్‌లో ఆపేది తెలియకపోవడం కాదు, ఏది ఎంచుకోవాలో తేలని బాధ. అది ఇంకో మంచి రకం, దానికి ఇంకో పేరు పెట్టుకోవచ్చు. మరోవైపు, 2015లో సామ్ బార్లో చేసిన హర్ స్టోరీ చూడ్డానికి ఆటలాగే ఉండదు. పోలీసు విచారణ వీడియోల గుట్టలో ఒక మాట టైపు చేసి వెతకడమే అందులో పని. ఏ మాట వెతకాలో తెలియాలంటే ముందు విన్నది అర్థమై ఉండాలి. క్రౌథర్ వారసత్వం నేరుగా దిగింది దానికే.

ఈ రకం ఎప్పుడూ ఆడని పాఠకులు ఓబ్రా డిన్‌తో మొదలుపెట్టడం మంచిది. వేగంతో పని లేదు, కంప్యూటర్ ఆటలు కొత్తైనవాళ్లు కూడా ఆడగలరు, కొంచెం ఇంగ్లిష్ చదవడం వస్తే చాలు. పక్కన ఒక నోటుపుస్తకం, పెన్సిలు పెట్టుకోండి. చిక్కుపడితే యూట్యూబ్ తెరవకుండా ఆ రాత్రికి ఆపి, మర్నాడు మళ్లీ కూర్చోండి.